రంగు లేని బొమ్మల గోడ

కరోనా వెళ్ళిపోయి జనం మళ్ళీ ఇళ్ళు సర్దుకోవడం మొదలుపెట్టిన ఏడాది అది. ఎండాకాలం. ఖమ్మంలో మా దుకాణంలో కూలర్ ముందు కూర్చుని గుడ్డ కత్తిరిస్తున్నాను. మా తాతలు దూదేకి పరుపులు కుట్టేవారు. నా చేతికి వచ్చేసరికి బోర్డు మీద ‘ఫర్నిషింగ్స్’ అనే మాట చేరింది. కర్టెన్లు, దుప్పట్లు, గోడ బొమ్మలు, మొత్తంగా పడకగదులు సర్ది ఇవ్వడం నా పని. నాకు కోపం ఎక్కువ, నా కుట్టు మీద గర్వం అంతకన్నా ఎక్కువ. షాహీన్ కుట్టిన అంచు వంకర పోయిందని ఇంతవరకు ఎవరూ అనలేదు. అననివ్వను కూడా.

ఆ రోజు సారపాక నుంచి భార్యాభర్తలిద్దరు వచ్చారు. ఆమె పేరు సుజాత, కాగితం మిల్లు ఆఫీసులో ఉద్యోగం. ఆయన రవీందర్, అదే మిల్లులో కలప యార్డు సూపర్‌వైజరు. సుజాతకు నలభై కూడా ఉండవు. కుర్చీలో కూర్చునే ముందు దాన్ని చేత్తో తడిమి చూసుకుంది.

“అక్కా, నా కళ్ళు పోతున్నయ్,” అన్నది, బస్సు పోతున్నదని చెప్పినంత మామూలుగా. “పక్కలకు ఇప్పటికే ఏం కనబడ్తలే. నడుమ ఇంత సందు మిగిలింది. అది గూడ మూసుకపోతదని హైదరాబాద్ దవాఖానల చెప్పిన్రు. ఆ లోపల నా పడకగది మార్చాలె. అన్నీ చేత్తో చేసినవే కావాలె. గోడకు బొమ్మ గూడ కావాలె. అచ్చు కొట్టింది కాదు, మనిషి చేసింది.”

రవీందర్ మొహం తిప్పుకున్నాడు. “మేడం, నేనైతే ఏం వద్దంటున్న. కాలికి చేతికి తగిలేటివి లేకుండ, గోడలు నున్నగ ఉంటే చాలు. చూపు పోయే మనిషికి బొమ్మలెందుకు, మీరే చెప్పండి?”

నాకు చర్రున మండింది. ఏదో అనబోయి ఆయన చేతులు చూశాను. భార్య హ్యాండ్‌బ్యాగును రెండు చేతులతో ఒళ్ళో పెట్టుకుని, ఎవరో లాక్కుంటారన్నట్టు పట్టుకుని ఉన్నాడు. పాపం, ఆయనది భయం. నోరు మూసుకుని టేపు తీశాను.

ముందు మంచం సంగతి చూశాం. సుజాత పాత చీరలతో బొంత కుట్టాను. తలవైపు పట్టు అంచులు, కాళ్ళవైపు నూలు, చెయ్యి వేస్తే ఏ వైపు ఉన్నామో తెలిసేలా. గుమ్మం నుంచి మంచం దాకా గరుకు జనపనార చాప పరిచి, అంచులు లేవకుండా నేలకు అంటించాం. దాంతో రవీందర్ కొంచెం కుదుటపడ్డాడు.

తకరారు కర్టెన్ల దగ్గర వచ్చింది. మందపు మగ్గం గుడ్డ తెప్పించాను. మగ్గం మీద నూలు తెగితే నేతగాడు ముడి వేసి అతుకుతాడు. ఆ ముడులన్నీ గుడ్డ వెనక్కి వస్తాయి. అవి కనబడకుండా వెనక ఇంకో పలుచని గుడ్డ వేసి కుడతాం. దాన్ని లైనింగ్ అంటారు. మా పనిలో లైనింగ్ శుభ్రంగా కూర్చుంటేనే పనివాళ్ళ పేరు నిలబడేది. కుట్టి, సారపాక తీసుకెళ్ళి, రాడ్‌కు ఎక్కించి, ఎలా ఉందన్నట్టు నిలబడ్డాను.

సుజాత గుడ్డ మీద అరచెయ్యి పెట్టింది. చెయ్యి లైనింగ్ కిందికి పోనిచ్చి లోపల తడిమింది. “ఈ ముడులు ఎందుకు దాచిన్రక్కా?”

“దాచకుంటే మా దుకాణం ఇజ్జత్ పోతది.”

“లైనింగ్ పీకెయ్యండి. ఉల్టా కట్టండి. ముడులు నా దిక్కు రావాలె.”

“ఉల్టానా! నీ ఇంటికొచ్చినోళ్ళు ఏమంటరు? షాహీన్‌కు కర్టెన్ కట్టుడు గూడ రాదని నవ్వరా?”

“నవ్వితే నవ్వనియ్యి. నాకు కనబడ్తదా ఏంది?” అని తనే పకపకా నవ్వింది. నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. అన్నేళ్ళ నా పనిలో మొదటిసారి, ఉల్టా వైపు ఇంట్లోకి పెట్టి కర్టెన్ కట్టాను. కట్టేటప్పుడు పళ్ళు నూరుకున్నాను, అబద్ధమెందుకు.

ఇక గోడ. చర్ల అవతలి అడవి పల్లెలో భద్రమ్మ అనే ఆమె ఉంది. పోడు సేద్యం చేసుకుంటూ, పిలిచినవాళ్ళ ఇళ్ళ గోడల మీద మట్టితో బొమ్మలు చేస్తుంది. సుజాత ఎప్పుడో ఒక పెళ్ళికి పోయి ఆమె ఇంటి గోడలు చూసి వచ్చిందట. కబురు పెడితే భద్రమ్మ ఎర్రమట్టి, ఊక, తపసి చెట్టు జిగురు మూటలు కట్టుకుని ఆటోలో దిగింది. గదిలో అడుగు పెట్టగానే ఉల్టా కర్టెన్ చూసి, “ఎవరమ్మా ఇది కట్టింది, తాగి కట్టిందా?” అన్నది. నేను గబగబా గోడ కొలతలు తీయడంలో పడ్డాను.

సిమెంటు గోడకు మట్టి పట్టదు కాబట్టి మేస్త్రీతో ఉలి గాట్లు పెట్టించాం. భద్రమ్మ గోడంతా ఎర్రమట్టి పూసింది. దాని మీద మట్టి ముద్దలు అతికి, వేళ్ళతో నొక్కుతూ ఇప్పచెట్టు, నెమలి, కలప లారీ, గోదారి అలలు పైకి లేపింది. ఒక్క గీత ముందుగా గీసుకోలేదు. నేను నా కొలతల టేపు చేతిలో పట్టుకుని అలా చూస్తూ ఉండిపోయాను. మట్టి ఆరాక తెల్లసుద్ద, పసుపు, మసి తీసి రంగులు కలపబోయింది.

“రంగులు వద్దమ్మా,” అన్నది సుజాత.

భద్రమ్మకు రోషం వచ్చింది. “రంగు లేకుంటే బొమ్మ ఏడ కనబడ్తది? ఎర్రమట్టి మీద ఎర్రమట్టి. నేను ఇంత చేసింది ఎవరికి తెలుస్తది?”

“నాకు తెలుస్తది. రంగేస్తే ఇప్పుడున్న ఈ కొంచెం చూపు గబగబ అన్నీ చూసేస్తది. చెయ్యి సోమరిదైతది. రేపు చూపు పోయినంక చెయ్యికి ఏం రాదు. కళ్ళుండంగనే చెయ్యి నేర్చుకోవాలె గదా.”

ముడులు ఎందుకు అడిగిందో అప్పుడు నా బుర్రకెక్కింది. పోయేదాని కోసం ఏడవకుండా, రాబోయేదానికి బడి పెట్టుకుంటున్నది ఈ మనిషి! యా అల్లా, ఇంత ధైర్యం ఏ మగ్గం మీద నేస్తారు?

భద్రమ్మ సుద్ద మూట కట్టేసింది. “అట్లైతే నెమలి ఈకలు సరిపోలే. చేతికి ఇంకా లోతు కావాలె,” అని సుజాత వేలు పట్టుకుని, తనూ కళ్ళు మూసుకుని, ఆరిన ఈకల మీద తడిమట్టి పెట్టి మళ్ళీ మొదటి నుంచి దిద్దింది. దిద్దుతూ ఏదో కోయపాట సన్నగా పాడుకుంది. రవీందర్ గుమ్మంలో నిలబడి, “కనబడని బొమ్మలకు ఇంత తిప్పలా,” అని గొణుక్కుంటూ డ్యూటీకి వెళ్ళిపోయాడు.

పని అయ్యాక ఫోటోలు తీసుకుని దుకాణం ఫోన్‌లో పెట్టుకోవడం నా అలవాటు. కొత్త గిరాకీలకు చూపించడానికి. ఆ గోడ మీది బొమ్మ ఒక్కటీ ఫోటోలో పడలేదు. ఎటు నుంచి తీసినా ఉత్త ఎర్రగోడ. చిరాకు పడి ఫోటోలు తీసేశాను.

మరుసటి ఏడు వానలు పడ్డాక కర్టెన్ రాడ్ వదులైందని ఫోన్ వస్తే మళ్ళీ వెళ్ళాను. సుజాతకు చూపు దాదాపుగా పోయిందని రవీందర్ గుమ్మంలోనే చెప్పాడు. ఆమె వంటింట్లో ఉంది. గిన్నెల చప్పుడు వినబడుతోంది. నేను రాడ్ బిగించి దిగేసరికి ఆయన గోడ దగ్గర నిలబడి ఉన్నాడు.

“అప్పుడు ఫోటోలు తీసిన్రు గదా మేడం, ఏమన్న పడ్డయా?”

“ఏం పడలే.”

“పడయ్. కళ్ళు మూసుకోండి.”

చూపు పోయే మనిషికి బొమ్మలెందుకన్న మనిషి ఈయనేనా అని విస్తుపోతూ కళ్ళు మూసుకున్నాను. “కుడి చెయ్యి పెట్టండి. అది ఇప్పచెట్టు మొదలు. మెల్లగ కిందికి రండి. చల్లగ తగుల్తుందా? అది గోదారి.” ఆయన చెబుతున్న కొద్దీ నా వేళ్ళ కింద అల లేచింది, లారీ చక్రం తిరిగింది, నెమలి ఈకలు ఒక్కొక్కటిగా విచ్చుకున్నాయి. బట్టలతో ఇన్నేళ్ళు బతికిన నా చేతులకు ఇంత చూపు ఉందని నాకే తెలియదు. కళ్ళ వెంట నీళ్ళు కారిపోయాయి, తుడుచుకోలేదు.

“షిఫ్టు దిగి రాంగనే ఇద్దరం గోడ దగ్గర కూసుంటం,” అన్నాడు. తరువాత గొంతు తగ్గించాడు. “ఇప్పుడు బాగ కిందికి, మూలకు రండి. ఆడ చిన్నది ఒకటుంది. అది భద్రమ్మ చేసింది కాదు. మట్టి అడిగి తెచ్చి నేను పెట్టిన. పిట్ట. సుజాతకు చెప్పలే. ఎప్పుడు దొరుకుతదో చూద్దామని.”

నా వేలికి ఒక వంకర ముద్ద తగిలింది. పిట్టో, గుమ్మడికాయో.

“అది దొరికి శానా రోజులైంది,” అన్నది సుజాత వెనక నుంచి. చాప మీద అడుగులో అడుగు వేసుకుంటూ, టీ కప్పుల పళ్ళెంతో వస్తున్నది. “చెప్తే ఆయన దొంగచాటుగ ఇంకోటి పెట్టడని చెప్పలే. ఇంతకు అది పిట్టనా? నేను కప్ప అనుకున్న.”

రవీందర్ నవ్విన నవ్వుకు వంటింటి కిటికీ మీది పావురాలు లేచిపోయాయి.

గది ఎలా కనబడాలో మాత్రమే నాకు పని నేర్పినవాళ్ళు నేర్పారు. ఇప్పుడు ఎవరింటికి పోయినా రంగులు ఏవి కావాలని ముందు అడగను. తెల్లారి కళ్ళు తెరవకముందు మీ చెయ్యి ఎక్కడ పడుతుందని అడుగుతాను. పిచ్చిదాన్ని చూసినట్టు చూస్తారు. చూడనీ. పరుపు మీద అరచెయ్యి వేసి, కాసేపు కళ్ళు మూసుకుని, ఆ తరువాతే జవాబు చెప్పమంటాను.