మోతిని మరిపించిందెవరు

మొన్న గద్వాలలో ఒక పెళ్లి బంతిలో నా పక్కన కూర్చున్న మా చిన్నాయన పప్పు కలుపుకుంటూ, "మీ అత్త కుక్కను ఆ పక్కింటామె మటన్ బొక్కలేసి మరిపించుకున్నది గదా, ఇంటి తాళాలు గూడ గుంజుకున్నదట" అన్నాడు. ఆ మాటకు ఇరవై ఏళ్లు దాటాయి. దాన్ని పుట్టించింది నేనే. అందుకే ఇది రాస్తున్నాను.

మా మేనత్త వనపర్తిలో ఒంటరిగా ఉండేది. ఒంటరి అంటే ఒప్పుకునేది కాదు, మోతి లేదా అనేది. మోతి గోధుమరంగు ఊరకుక్క, ఒక చెవి ఎప్పుడూ వాలిపోయి ఉండేది. అత్త నడుముకు దోపుకున్న తాళాలగుత్తి గలగలమంటే ఎక్కడున్నా వచ్చి, మజ్జిగలో నానేసిన జొన్నరొట్టె ముందు కూర్చునేది. దానికి ముందున్న కుక్క మా మామ పోయాక గడపలోనే పడుకుని, ఎవరు పెట్టినా ముట్టక చచ్చిపోయింది. అత్త అది మరచిపోలేదు. గుండెకు ఆపరేషన్ చేయాలని కర్నూలు దవాఖానలో చెప్పగానే నన్ను పిలిచి, తనకేమన్నా అయితే మోతిని తీసుకుపోతావా అని అడిగింది. నేను పల్లీలు నములుతూ, నీకేమైతదత్తా, నూరేండ్లుంటవ్ అన్నాను. "నా సంగతి అడగలేదురా, దాని సంగతి అడిగిన" అంది. మళ్లీ అడగలేదు.

మరునాడే తాళాలగుత్తి తీసుకెళ్లి, మేమంతా ఆపా అని పిలిచే పక్కింటి ముస్లిం ఆవిడ చేతిలో పెట్టింది. ఇకనుంచి రొట్టె నువ్వే పెట్టాలని చెప్పి, వచ్చి తలుపేసుకుంది. మోతి ఆ రొట్టె వాసన కూడా చూడలేదు. అత్త ఇంటి తలుపు గీరుతూ కూర్చుంది. "జర తలుపు తియ్యక్కా, పరేషానయితుంది" అని ఆపా బయటినుంచి బతిమాలింది. ఆ పూట నేను లోపలే ఉన్నాను. అత్త గొళ్లెం మీద చేయి అట్లాగే ఉంచి, మోతికి వినబడకుండా నా చెవిలో, "ఇప్పుడు తీస్తె, నేను పోయినంక అది సస్తది" అంది.

ఆపరేషన్ బాగానే జరిగి అత్త తిరిగొచ్చింది. మోతి ఆమె కాళ్లు నాకింది గానీ, గుత్తి చప్పుడు కాగానే ఆపా వాకిట్లోకి పరుగెత్తింది. వెళ్లి తీసుకొస్తానన్నాను. "తెస్తే మళ్ల మరిపియ్యాలె. ఇంకోసారి నాతోని కాదు" అంది. అప్పటినుంచి అది తింటుంటే గోడ మీదుగా చూసి, ఆ తరవాతే తాను తినేది. కుక్క అక్కడెందుకుందని చుట్టాలడిగితే నేను ఆపా మీదికి నెట్టేశాను. నిజం చెబితే, ముందు నన్నడిగిన సంగతి కూడా చెప్పాల్సి వచ్చేది.

కొన్నేళ్లకు అత్త పోయింది. ఆ సాయంత్రం వాకిలి నిండా జనం ఉండగా గోడ అవతల తాళాలు గలగలమన్నాయి. మోతి లేచి, అత్త పాదాల దగ్గర కాసేపు నిలబడి, వెళ్లి రొట్టె తిన్నది. విశ్వాసం లేని కుక్క అన్నారెవరో.

చిన్నాయనకు బంతిలోనే అంతా చెప్పేశాను. "ఇన్నేండ్లు ఏం జేసినవ్?" అన్నాడు. రేపు వనపర్తి వెళ్లి ఆపాకూ చెబుతాను. మా ఇంట్లో ఇప్పుడొక కుక్క ఉంది, నా చేతి అన్నం తప్ప ముట్టదు. ఎల్లుండి నుంచి దానికి మా ఆవిడ పెడుతుంది, నేను తలుపేసుకుంటాను. తాను లేని రోజుల కోసం అత్త ఉన్న రోజుల్లోనే మోతిని వదులుకుంది. ఆ తలుపు లోపలే నిలబడి చూసిన నాకు, ఆ మాట బయటికి చెప్పడానికి ఇంత కాలం పట్టింది.