మా ఇంటామె పేరు మీద చెప్పిన పాఠాలు

ఇవాళ పొద్దున చాయ్ తాగుతుండగా మా ఇంటామె ఫోన్ మోగింది. రెండు మాటలు విని, నవ్వు ఆపుకుంటూ ఫోన్ నా చేతిలో పెట్టి, “మీ క్లాసు పిల్లనే. ఇంకా నా పేరు మీదనే ఫోను చేస్తున్నది” అన్నది. ఇన్నేళ్లయినా ఆ మాట నన్ను ముల్లులా గుచ్చుతుంది. ఎందుకో చెప్పాలంటే కరోనా ఏడాదికి వెళ్లాలి. నా ఉద్యోగానికీ అదే ఆఖరి ఏడాది.

మంచిర్యాలలో చిన్న కాలేజీలో మొదలుపెట్టి, విశ్వవిద్యాలయం దాకా వచ్చి, ముప్పై ఏళ్లకు పైగా వృక్షశాస్త్రం చెప్పాను. మన తరం వాళ్లకు గుర్తుండే ఉంటుంది, గడపలో అడుగు పెట్టగానే బెంచీలన్నీ కిర్రుమనేవి, పిల్లలు లేచి నిలబడేవాళ్లు, మనం “కూర్చోండి” అన్నాకనే పాఠం మొదలయ్యేది. నువ్వెవరివని ఎవరూ అడిగింది లేదు.

ఆ ఏడాది పాఠాలన్నీ ఆన్‌లైన్‌లో, ఒక వీడియో యాప్‌లో చెప్పాలన్నారు, ప్రతి అధ్యాపకుడికీ ఐడీ, పాస్‌వర్డ్ పంపామన్నారు. నాకు పంపిన పాస్‌వర్డ్‌ను ఆ యాప్ ఏ రోజూ ఒప్పుకోలేదు. సాంకేతిక సహాయ కేంద్రానికి ఫోన్ చేస్తే అక్కడి ఉద్యోగి నా మాట పూర్తిగా వినకుండానే, “ఇంట్ల పిల్లలెవరన్న ఉన్నరా సార్? జర వాళ్లకియ్యుండ్రి ఫోను” అన్నాడు. జీవితమంతా పిల్లలకు పాఠం చెప్పిన మనిషిని అడగవలసిన మాటేనా అది? నేను మరిచిపోలేదు, మరిచిపోను కూడా. పైగా ఫిర్యాదు వాళ్ల పేజీలో రాయమన్నాడు. ఆ పేజీ తెరవడానికి కూడా అదే పాస్‌వర్డ్ కావాలి. అది ఎలా కుదురుతుందో నాకు ఇప్పటికీ అర్థం కాలేదు.

అటు చూస్తే ఆదిలాబాద్ పల్లెల్లో పిల్లలు సిగ్నల్ కోసం మిద్దెలెక్కి ఎదురుచూస్తున్నారు. మా ఇంటామె ఫోన్‌లో మాత్రం ఆ యాప్ చక్కగా పనిచేసేది, మా చర్చి స్త్రీల ప్రార్థన కూటాలు అందులోనే జరిగేవి మరి. ఒక్కరోజుకని ఆ ఫోన్ తీసుకుని, ఆమె పేరు మీదే క్లాసు లింకు తెరిచాను, ఆ ఒక్కరోజు నాలుగు నెలలైంది. తెర మీద ఆమె పేరు, క్రిస్మస్ చీరలో ఆమె ఫొటో, లోపలి నుంచి నా గొంతు. మందార పువ్వును బ్లేడుతో నిలువునా కోసి అండాశయం చూపించాలంటే నాకు రెండు చేతులూ కావాలి కనుక, పొయ్యి మీద కూర దించి వచ్చి ఫోన్ ఆమే పట్టుకునేది. అవతల పిల్లలు లేచి నిలబడుతున్నారో, పడుకుని వింటున్నారో తెలిసేది కాదు, కెమెరాలు ఆపేసి ఉండేవి, తెర మీద అన్నీ నల్లటి గడులే. అయినా రోజూ “కూర్చోండి” అనే మొదలుపెట్టేవాణ్ని.

సెమిస్టరు ముగిశాక రెండు ఉత్తరాలు వచ్చాయి. ఒక్క తరగతైనా ఎందుకు తీసుకోలేదో సంజాయిషీ ఇమ్మని నాకు మెమో. క్రమం తప్పకుండా బోధించినందుకు మా ఇంటామెకు ప్రశంసాపత్రం. నాకన్నా చాలా వెనక చేరిన మా విభాగాధిపతి దగ్గరికి మెమో పట్టుకుపోతే, “నేనేం జేస్త సార్, సిస్టంల మేడమే చెప్పినట్టున్నది” అని చేతులెత్తేశాడు. పదవీ విరమణకు రెండు నెలలే ఉన్నాయి. నా ఫైలులో ఆఖరి కాగితం, నేను పాఠం చెప్పలేదనే కాగితం కాబోతోంది.

ఎన్ని దరఖాస్తులు పెట్టానో. చివరికి తేలిందేమంటే, రికార్డు ఎవరి పేరున ఉందో వాళ్లే సవరణ అడగాలట. సరేనని మా ఇంటామెను కూర్చోబెట్టి, ఆ పాఠాలు తాను చెప్పలేదని రాసిమ్మన్నాను. “చెప్పలే, సరే. నాలుగు నెలలు ఫోను పట్టిన చెయ్యి ఎవరిది? అది గూడ రాస్తున్న” అన్నది, రాసింది కూడా. వారం తర్వాత జవాబొచ్చింది: మేడం, మీ సమస్య పరిష్కరించబడినది. ఏది పరిష్కారమైందో ఎవరూ చెప్పలేదు. మెమో వెనక్కు తీసుకోలేదు, ప్రశంసాపత్రమూ తీసుకోలేదు. నేను మాత్రం అలాగే రిటైరయ్యాను. ఆ పత్రం చర్చిలో చూపిస్తే స్త్రీలంతా చప్పట్లు కొట్టారు. నేను మగవాళ్ల వరుసలో కూర్చుని విన్నాను.

ఇవాళ ఫోన్ చేసింది ఆ నల్లటి గడుల్లోని ఒక పిల్లే, ఉట్నూరు వైపు అమ్మాయి. మంచిర్యాలలో జూనియర్ లెక్చరర్‌గా చేరిందట, ఇవాళే మొదటి పాఠమట. నేను హలో అన్నాను. అటు నుంచి మెల్లగా, “సారూ, మీ గొంతు ఇనంగనే లేచి నిలబడ్డ. స్టాఫ్ రూముల అందరు నన్నే జూస్తున్నరు. ఇయ్యాల మందార పువ్వు కోస్తున్న సార్” అన్నది.

ఫోన్‌లో మా ఇంటామె పేరు తీసి నా పేరు పెట్టుకొమ్మని ఆ పిల్లకు గట్టిగా చెప్పాలనుకున్నవాణ్ని, ఆ సంగతే మరిచాను. ఒకప్పుడు నేనెవరో చెప్పడానికి చొక్కా చేతికంటిన సుద్దపొడి చాలు. ఇప్పుడు మనిషి ఎదురుగా నిలబడినా తెర మీద పేరుంటేనే ఉన్నట్టు. ఏ తెరా ఒప్పుకోని నన్ను ఈ పిల్ల ఒక్క హలోతో ఎలా పట్టుకున్నదో నాకు తెలియదు.

“కూర్చో బిడ్డా” అన్నాను. అటువైపు కిర్రుమని ఏదో వినిపించింది. కుర్చీ జరిగిన చప్పుడో, సిగ్నల్ గరగరో, ఎంత చెవి పెట్టినా తేల్చుకోలేకపోయాను.