బస్రాలో శనివారం నాటి పులస

కువైట్‌లో సల్వా అనే పేటలో నేను పనిచేసే ఇంటికి రెండు వంటగదులు, నాలుగు కార్లు, ఒకే ఒక్క మామా. ఇంటి యజమానురాలిని ఇక్కడ పనివాళ్ళందరం మామా అనే పిలుస్తాం. నేను ఆ వంటగదులకు వంటవాణ్ణి, ఆ కార్లకు డ్రైవర్ని. కోనసీమ నుంచి వచ్చి ఈ రెండు పదవులనూ ఒకేసారి అలంకరించిన మహానుభావుణ్ణి బహుశా నేనొక్కణ్ణే. కాదన్నవాళ్ళను కారెక్కించి ఊరంతా తిప్పి, దిగాక నా చేతి పులుసు పోస్తాను. వాదన అక్కడితో ఆగిపోతుంది.

మొన్న ఎండలు ముదరకముందు ఒక వారాంతంలో మామా నన్ను పిలిచి, బస్రా వెళ్తున్నాం, బండి తుడవమంది. బస్రా అంటే సరిహద్దు దాటగానే ఇరాక్‌లో తగిలే పెద్ద ఊరు. దూరం చూస్తే మా రావులపాలెం నుంచి విశాఖపట్నమే ఎక్కువ. కానీ మామా ముప్ఫై ఏళ్ళ పైచిలుకు ఆ దిక్కున కారు తిప్పనివ్వలేదు. కాబట్టి నాకైతే చంద్రమండలానికి బయల్దేరినట్టే ఉంది.

మామా పుట్టింది బస్రాలోనే. పెళ్ళయి కువైట్ వచ్చింది. అక్కగారు అక్కడే ఉండిపోయింది. ఆమెను ఇంట్లో పిల్లలు ఖాలా అంటారు, అంటే పెద్దమ్మ అని. నేనూ అలాగే అంటాను. ఆ రోజుల్లో ఇరాక్ సైన్యం కువైట్ మీద పడ్డప్పుడు, బలవంతాన పటాలంలోకి లాక్కుపోయిన ఖాలా పెద్దకొడుకు కూడా తుపాకీ పట్టుకుని వచ్చాడు. పిన్ని ఇల్లున్న ఊళ్ళోనే తిరిగాడు గానీ ఆ గుమ్మం తొక్కడానికి మొహం చెల్లలేదు. వెనక్కీ వెళ్ళలేదు. అతని కబురు ఈనాటికీ లేదు. అక్కాచెల్లెళ్ళు చాలా ఏళ్ళు మాట్లాడుకోలేదు. తర్వాత ఫోన్లు మొదలయ్యాయి.

ఇప్పుడు ఖాలాకు ఒక కన్ను పూర్తిగా పోయింది. రెండోది పొర కమ్మి మసకబారుతోంది. కువైట్‌లో ఆపరేషన్ చేస్తే ఆ ఒక్క కన్నయినా దక్కుతుందని డాక్టరు చెప్పాడు. మామా కొడుకు ఎవరెవరి కాళ్ళో పట్టుకుని వీసా తెప్పించాడు. దాని గడువు ఆ వారాంతంతో సరి. అంతా సిద్ధమే. రానన్నది ఖాలా ఒక్కతే.

నా ప్రయాణం సంగతి సల్వా అంతా పాకింది. పక్కింటి డ్రైవరు రాయచోటి భాయ్ గోడ మీదుగా పలకరించాడు.

"ఏందన్నా, బస్రాకు పోతాండావంట? ఆడ యుద్ధాలయిపోయినాయిలే గానీ, నీ పొట్ట జూస్తే మళ్ళా ఎవురికన్నా గురి పెట్టాలనిపిస్తాది."

"నువ్వేం బెంగెట్టుకోకు భాయ్," అన్నాను. "నన్ను చూత్తే ఆళ్ళే ఆయుధాలు కిందెట్టేత్తారు."

శనివారం తెల్లారగానే బయల్దేరాం. ఒక్క పూట చూపు కోసం మామా సర్దిన తిండి రెండు దేశాల సైన్యాలకూ సరిపోయి, మిగిలింది సంధి విందుకు పనికొస్తుంది. సరిహద్దు దగ్గర ఒక కిటికీ నుంచి ఇంకో కిటికీకి, అక్కడి నుంచి మళ్ళీ మొదటి కిటికీకి నా పాస్‌పోర్టు నాకంటే ఎక్కువ దూరం ప్రయాణించింది. అందులో ఫొటోకీ నాకూ మధ్య పెరిగిన కిలోల గురించి ఒక అధికారి ఏదో అన్నాడు. నా అరబీ వంటింటిదీ రోడ్డుదీ మాత్రమే కాబట్టి, దాన్ని పొగడ్తగానే తీసుకున్నాను.

బస్రాలో అడుగుపెట్టాక నా నోరు కాస్త తగ్గింది. ఒకటా రెండా, ఆ ఊరి మీదుగా ఎన్ని యుద్ధాలు నడిచాయో గోడలే చెబుతున్నాయి. గుళ్ళు తగిలిన చోటల్లా సిమెంటు మెత్తారు. పాతదానికీ కొత్తదానికీ రంగు కలవక, అమ్మవారు పోసి తగ్గిన మొహాల్లా ఉన్నాయి ఇళ్ళు. నది ఒడ్డున విగ్రహాలు పోయిన దిమ్మెలు వరసగా నిలబడి ఉంటే, వాటి మీద కుర్రాళ్ళు కూర్చుని పొద్దుతిరుగుడు గింజలు కొరుకుతున్నారు. అద్దాల మేడ పక్కనే ఒక అంతస్తు కూలిపోయిన భవనం. కూలిన అంతస్తులో ఎవరో బట్టలారేశారు. బేకరీల ముందు పడవ ఆకారపు రొట్టెలు, ఒక్కొక్కటి మా గోదావరి నావంత. సరే, అంత కాదు, నావ తెడ్డంత.

ఖాలా ఇంటి ఇనుప తలుపు నిండా కన్నాలు. లోపలి వాకిట్లో ఆ కన్నాల గుండా పడిన ఎండ రూపాయి బిళ్ళలు వెదజల్లినట్టు మెరుస్తోంది. తలుపెందుకు మార్చలేదని మామా అడిగితే, గాలి బాగా ఆడుతోంది, ఎందుకు మార్చడం అంది ఖాలా. మనిషి చీపురుపుల్ల. గొంతు మాత్రం మా ఊరి రైసుమిల్లు. చెల్లెలి మొహాన్ని రెండు చేతులతో తడిమి తడిమి చూసుకుంది. ఇద్దరూ ఏడ్చారు. నేను డిక్కీలో సామాను సర్దే పని కల్పించుకున్నాను. దించాల్సిన సామానును సర్దుతున్నానని నాకు తర్వాత తట్టింది.

మామా మొదట మెల్లగా అడిగింది. తర్వాత బతిమాలింది. ఆ తర్వాత కోప్పడింది. వీసా కాగితం తీసి ఖాలా ఒళ్ళో పెట్టింది. ఖాలా దాన్ని చదవలేదు, ఆ కంటితో చదవలేదు కూడా. మడిచి తిరిగి ఇచ్చేసింది.

"నా కొడుకు తుపాకీ పట్టుకుని వచ్చిన దారిన నేను సంచీ పట్టుకుని రానా?" అంది. "నీ గుమ్మంలో ఏ మొహం పెట్టుకుని నిలబడను? ఖలాస్."

ఖలాస్ అంటే అయిపోయిందని. ఆ ముసలావిడ నోట విన్నాక దానికి అప్పీలు లేదని నాకు అర్థమైంది. మామా వీసా కాగితం హ్యాండ్‌బ్యాగులో పెట్టేసుకుంది. సాయంత్రానికి బయల్దేరి వెనక్కి వెళ్ళిపోవడమే మిగిలింది.

ఈలోగా ఖాలా చిన్నకోడలు భోజనం పట్టుకొచ్చింది. డ్రైవర్ని కదా, నేను వాకిట్లోకి జరగబోతే ఖాలా ఒప్పుకోలేదు. నా గడప దాటినవాడెవడైనా నాకు అతిథే అని, తన ఎదురుగా కూర్చోబెట్టింది. మధ్యలో ఒక పళ్ళెం దించారు. దాని మీద గుడ్డ తీశారు.

పులస.

ఇక్కడ దాన్ని సుబూర్ అంటారు. కానీ ఆ వెండి పొలుసు, ఆ పొట్ట వంపు, లెక్కకు అందని ఆ ముళ్ళు, అన్నీ మా పులసవే. సముద్రం నుంచి ఏటికి ఎదురీది వచ్చే ఆ చేపను దేవుడు ఒక్క గోదావరికే రాసిచ్చాడని నేను జీవితాంతం చేసిన ప్రచారం ఆ క్షణంలో కుప్పకూలింది. పొట్టలో చింతపండు, ఉల్లి, వెల్లుల్లి కూరి మట్టి పొయ్యిలో కాల్చారు. ఆ వాసనకు నా ముక్కు మొహాన్ని వదిలేసి పళ్ళెం దాకా వెళ్ళి వచ్చింది. ప్రవాసంలో ఇన్నేళ్ళూ నేను కలల్లో తిన్న చేప ఎదురుగా పడుకుని ఉంది.

కానీ ఆ రోజు శనివారం. శనివారం నేను నీచు ముట్టను. ఏడుకొండలవాడికీ నాకూ మధ్య ఉన్న ఒప్పందాలన్నిటిలో నేను తప్పకుండా నిలబెట్టుకున్నది అదొక్కటే. చేతులు రెండూ మోకాళ్ళ మీద పెట్టుకుని, కళ్ళు పళ్ళెం మీద పెట్టి కూర్చున్నాను.

నేను తింటుంటే ఆ చప్పుడు సరిహద్దు చెక్‌పోస్టు దాకా వినిపిస్తుంది. చూపు లేకపోయినా ఖాలాకు చెవులు పాముచెవులు.

"వలదీ, నువ్వు తినడం లేదు," అంది. వలదీ అంటే నాయనా అని.

నా వంటింటి అరబీలో వెంకటేశ్వరస్వామి లేడు, శనివారం వ్రతం లేదు.

"ఇప్పుడు కాదు, ఖాలా," అన్నాను.

అందరి చేతులూ ఆగిపోయాయి. మామా చేతిలో రొట్టె ముక్క గాల్లోనే ఉండిపోయింది. నేనేదో ఘోరం చేశాననుకున్నాను. అసలు సంగతి తర్వాత మామా చెప్పింది. వాళ్ళ పాత ఆచారం ప్రకారం, మనసులో కోరిక పెట్టుకుని వచ్చిన అతిథి ముందు పెట్టిన కాఫీగానీ తిండిగానీ ముట్టడు. ఆ కోరిక అడిగి తీర్చాకే అతను తింటాడు. తీర్చకుండా అతన్ని పస్తుతో పంపితే ఆ ఇంటి పరువు పోతుంది.

ఖాలా వీపు నిటారుగా పెట్టింది. "నీ అవసరం చెప్పు," అంది.

పళ్ళేనికి అవతలి చివర పెరుగు గిన్నె ఉంది. ఒట్టు, నేను అడగబోయింది పెరుగే. నోరు సగం తెరిచాను కూడా. అప్పుడు మామా గట్టిగా దగ్గి నా వైపు చూసింది. మలుపు తప్పి పోతున్నప్పుడు కారు అద్దంలో నన్ను చూసే చూపు అది. ఆ చూపు నా మీద నుంచి మెల్లగా వెళ్ళి ఖాలా కంటి మీద ఆగింది. ఏమడగాలో తెలిసిపోయింది. అడిగితే ఎందుకిస్తుందో మాత్రం తెలియలేదు.

"మాతో కువైట్ రా, ఖాలా. ఆ కంటి కోసం."

ఖాలా చేతిలోని రొట్టె పళ్ళెంలో పెట్టేసింది. తర్వాత చెల్లెలి వైపు తిరిగింది.

"డ్రైవర్ని తెచ్చానన్నావు. వీడు వకీలు." మళ్ళీ నాతో అంది, "ఇచ్చాను. ఇక తిను."

ఇక తినాలి. తినకపోతే ఆమె ఇచ్చిన మాట ఖాయం కాదని మామా కళ్ళే చెబుతున్నాయి. మనసులో స్వామితో ఒక్క నిమిషం మాట్లాడుకున్నాను. ఒకవైపు నా శనివారం, ఇంకోవైపు ముసలమ్మ కన్ను, నువ్వే తూచుకో స్వామీ, తలనీలాలు ఇచ్చుకుంటాను అన్నాను. నా తల మీద ఇచ్చేందుకు మిగిలినవెన్నో ఆయనకు తెలియంది కాదు. అయినా అడ్డు చెప్పలేదు. తిన్నాను. కోడలు ఇంకో చేప తెచ్చేదాకా తిన్నాను. గోదావరి జిల్లాల పరువు నిలబెట్టి, పళ్ళెంలో ముళ్ళ గుట్ట లేపాను. మామా నవ్వుతూ, ఏడుస్తూ, తింటూ ఏ పనీ సరిగా చెయ్యలేకపోయింది.

తిరుగు ప్రయాణంలో ఖాలా ముందు సీట్లో మహారాణిలా కూర్చుంది. సంచీ ఒళ్ళోనే ఉంది. సరిహద్దు క్యూలో నాకు కడుపుబ్బరం పట్టింది. కొంత చేప వల్ల, ఎక్కువ నిజం వల్ల. నా వచ్చీరాని అరబీలో, చేతులు తిప్పి, ఆకాశం చూపించి, నేను కోరిక కోసం కాదు, మా దేవుడి రోజని తినలేదని చెప్పేశాను. మామా అద్దంలోంచి నా మీద కళ్ళెర్రజేసింది. ఖాలా ఇక్కడే దిగి వెనక్కి పోతుందనుకున్నాను.

ఖాలా ఒళ్ళో సంచీ సర్దుకుంది. "అయితే అడిగింది మీ దేవుడన్నమాట," అంది. "ఆయనకు నీకంటే అరబీ బాగా వచ్చు. యల్లా, పోనియ్."

పోనిచ్చాను. ఆ రాత్రి సల్వాలో మామా గుమ్మం ముందు ఖాలా ఒక్క క్షణం ఆగింది. మామా ఆమె చెయ్యి పట్టుకుని లోపలికి లాగింది. అంతే.

ఆపరేషన్ బాగా జరిగింది. కట్టు విప్పిన రోజు మేమంతా ఆస్పత్రి గదిలో ఉన్నాం. ఖాలా ముందు చెల్లెల్ని ఎగాదిగా చూసి, ముసలిదానివైపోయావే అంది. నువ్వు ఇవాళ చూశావు, నేను మొన్నే చూశాను అంది మామా. తర్వాత ఆ కొత్త కన్ను గదంతా తిరిగి, తలుపు దగ్గర నిలబడ్డ నా మీద వాలింది. కింద నుంచి పైదాకా తీరిగ్గా వచ్చింది. మధ్యలో పొట్ట దగ్గర కాస్త ఎక్కువసేపే ఆగింది.

"వీడా పస్తు కూర్చున్నది?" అంది ఖాలా.