కళ్ళతో నవ్వండి

మా గోడకు అవతలి వాటాలో ఉండే ఆవిడను వీధంతా 'నవ్వుల మేడం' అంటారు. మూడంతస్తుల బట్టల దుకాణంలో, చీరలూ చొక్కాలూ చూపించే అమ్మాయిలకు నవ్వడం నేర్పడం ఆవిడ ఉద్యోగం. నవ్వడానికి కూడా నేర్పేవాళ్ళు కావాలా అని మొదట్లో ఆశ్చర్యపోయాను. జీతమిచ్చేవాడుంటే ఊపిరి పీల్చడం నేర్పేవాళ్ళూ దొరుకుతారని తర్వాత తెలిసింది.

ఆ గోడ పలచన, ఆవిడ గొంతు మందం. కాబట్టి ఆ ఇంటి సంగతులు నాకు తెలియడంలో నా తప్పేమీ లేదు.

ఒకసారి దుకాణం యజమాని ఎవరో కోటు వేసుకున్న ఉపన్యాసకుణ్ణి పిలిపించి, పనివాళ్ళందరికీ ఆనందంగా బతకడం ఎలాగో చెప్పించాడు. మిగతావాళ్ళు యజమాని పెట్టించిన టీ తాగి ఊరుకున్నారు. ఈవిడ మాత్రం ఆ ఉపన్యాసకుడి మాటలన్నీ మూటగట్టుకుని ఇంటికి తెచ్చింది. ఆ రోజు నుంచి ఆ ఇంట్లో కంచం ముందు కూర్చున్న ప్రతివాళ్ళూ, ఆ రోజు దేనికి సంతోషించారో, ఎవరికి కృతజ్ఞులో చెప్పాకే ముద్ద ముట్టాలి.

ఆవిడ భర్త మోటార్లకు రాగితీగ చుట్టే మనిషి. పొద్దంతా తీగ చుట్టి, నోరు కూడా చుట్టేసుకుని వస్తాడు. ఆయన రోజూ ఒకటే మాట: "కరెంటు ఉన్నందుకు." ఎనిమిదో తరగతి కొడుకు బుధవారం నాడు కూడా "రేపు ఆదివారం అయినందుకు" అనేవాడు. అత్తగారైతే "ఈ పూటకి పన్ను ఊడనందుకు" అని ఆవులించేది. కాలేజీలో చదివే కూతురు మాత్రం నోరు విప్పేది కాదు. కూర చల్లారిపోయేది.

"ఆనందంగా చెప్పమన్నానా లేదా? మొహం అలా పెడతారేంటి? తల్లిని గనకేగా మీ కోసం గొంతు చించుకుంటున్నా! నవ్వండి!" అని ఆవిడ అరుపు. ఆనందాన్ని బెత్తం పట్టుకుని నేర్పే ఇల్లాలిని నేనెక్కడా చూడలేదు.

ఆదివారం వస్తే ఇంటిల్లిపాదికీ ఫోటో. ఫోన్లో పెట్టి, 'నా చిన్ని స్వర్గం' అని కింద రాసి, ఊరందరికీ పంపేది. ఒక వారం కొడుకు పన్ను పీకించుకుని, బుగ్గ బూరెలా పొంగించుకుని ఉన్నాడు. వాణ్ణీ వదల్లేదు. "ఇటు తిరుగు, వాపు కనబడకూడదు. కళ్ళతో నవ్వాలి నాన్నా, పెదాలతో కాదు" అని పిల్లవాడి గడ్డం పట్టుకుని తిప్పింది. ఆ ఫోటో నాకూ పంపింది. స్వర్గంలో అందరూ దంతవైద్యుడి గుమ్మంలో కూర్చున్నట్టున్నారు.

తర్వాత దుకాణంలో తగ్గింపు ధరల అమ్మకం వచ్చింది. పొద్దుట్నించి రాత్రిదాకా జనం మధ్య అరిచి అరిచి ఆవిడ గొంతు పోయింది. లోపల బాగా వాచిందని, రెండు వారాలు మాట కాదు కదా, గుసగుస కూడా వద్దని డాక్టరు గట్టిగా చెప్పాడు. వీధిలో ఆవిడ మీద జాలిపడ్డవాళ్ళున్నారు. ఆ ఇంట్లో మాత్రం ఎవరూ జాలిపడలేదు.

మొదటి రోజు భోజనాల దగ్గర అందరూ అలవాటుగా కంచాల ముందు చేతులు కట్టుకుని కూర్చున్నారట. ఆవిడ సైగ చేయబోతే అత్తగారు, "అమ్మాయ్, డాక్టరు నోరొక్కటే మూసుకోమన్నాడా? చేతులక్కూడా చెప్పి ఉంటాడు, గుర్తు తెచ్చుకో" అంది. అందరూ గబగబా వేడివేడిగా తినేశారు. తన మాటలు లేకపోయినా అందరికీ ముద్ద చక్కగా దిగినందుకు ఆవిడకు చాలా బాధ వేసింది. కిటికీ మూయమని సైగ చేస్తే భర్త బక్కెట తెచ్చిచ్చాడు. దానికీ బాధ వేసింది.

ఆ రోజుల్లో దుకాణంవాళ్ళు ఆవిడను పై అంతస్తు గదిలో, కోటూ కార్డూ అక్కర్లేని, ధర చీటీలు కట్టే పనిలో వేశారు. ఒక సాయంత్రం పని త్వరగా అయిపోయి ఇంటికొచ్చింది. కూరగాయల సంచీతో నేను ఆవిడ వెనకే మెట్లెక్కుతున్నాను. తలుపు ఓరగా ఉంది. లోపలి నుంచి ఆవిడ గొంతే వినిపించింది!

"కళ్ళతో నవ్వండి! పెదాలతో ఎవడైనా నవ్వుతాడు!"

ఇద్దరం ఆగిపోయాం. లోపల కూతురు తన తల్లి వేసుకునే దుకాణం కోటు తొడుక్కుని, మెడలో ఆవిడ గుర్తింపు కార్డు వేసుకుని, చేతిలో గరిటె మైకులా పట్టుకుని నిలబడింది. అత్తగారు కొత్తగా పనిలో చేరిన అమ్మాయిలా ఒదిగి కూర్చుంది. కొడుకు నేల మీద దొర్లుతున్నాడు. తీగ చుట్టే మనిషి నోరంతా తెరిచి, కళ్ళ నీళ్ళు కారుతుండగా నవ్వుతున్నాడు. ఆయనకు వెనక దంతం ఒకటి లేదు. అన్నేళ్ళ ఫోటోల్లో ఆ సందు ఎప్పుడూ కనపడలేదు.

ఆవిడ చెవులు ఎర్రబడ్డాయి. ఇంక ఇల్లు పీకి పందిరేస్తుందనుకుని, నిజం చెప్పాలంటే, నేను సంచీ కింద పెట్టుకుని సర్దుకుని నిలబడ్డాను.

"నానమ్మా, ఇప్పుడు అమ్మ తమ్ముడి బడికెళ్ళిన సీను" అంది కూతురు. తమ్ముణ్ణి మొద్దన్న బడి గుమాస్తా ఎదురుగా ఉన్నట్టు గరిటె చాచి, "మా వాడు మొద్దే, ఒప్పుకుంటా. కానీ వాణ్ణి మొద్దనే హక్కు తొమ్మిది నెలలు మోసిన నాది. నువ్వెవడివయ్యా?" అని కాలు నేలకేసి కొట్టింది. "ఆ తర్వాత బయటికొచ్చి, వీధి మలుపు దాకా ఏడ్చి, వీడికి ఐస్‌క్రీం కొనిపెట్టింది. తనూ తింది. ఆనందంగా!"

"రెండు తింది!" అన్నాడు కొడుకు.

మేడంగారి భుజాలు ఊగడం మొదలైంది. ఏడుస్తోందనుకున్నాను. కాదు. గొంతు లేని నవ్వు. సైకిలు ట్యూబులోంచి గాలి పోతున్నట్టు చప్పుడు. ఆ చప్పుడుకే లోపల అందరూ బిగుసుకుపోయారు. కూతురు కార్డు తీసేయబోయింది.

ఆవిడ లోపలికెళ్ళి, కార్డు మళ్ళీ పిల్ల మెడలో వేసింది. గరిటె కుడి చేతిలోంచి ఎడమ చేతికి మార్చింది. పిల్ల కుడి చెయ్యి తీసి, తను నిలబడేటట్టే, దాని నడుం మీద పెట్టింది. వెనక్కి జరిగి చూసి తల ఊపింది.

"చూశార్రా? తనను వెక్కిరిస్తున్నా వంక పెట్టింది!" అంది అత్తగారు. మళ్ళీ నవ్వులు.

ఆ రోజుతో ఆవిడ మారిపోయిందని చెబితే అబద్ధం. పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గానీ పోదు. గొంతు కాస్త బొంగురుగా తిరిగొచ్చింది. ఇప్పుడూ పొద్దున్నే గోడ అదురుతుంది. పిల్లల సాక్సుల కోసం, తడి తువ్వాలు కోసం, అన్నిటికీ అరుస్తుంది. దుకాణంలో ఇంకా నవ్వు నేర్పి జీతం తెచ్చుకుంటోంది. కానీ కంచాల ముందు పరీక్ష పెట్టడం మానేసింది. మానేశానని చెప్పలేదు, ఒక రోజు వచ్చి కూర్చుని తినేసింది. నాకు స్వర్గం ఫోటోలు రావడం లేదు. వారంలో ఒకటి రెండు సాయంత్రాలు అటు నుంచి ఆ బొంగురు నవ్వు మాత్రం వస్తోంది, తర్వాత దగ్గు.

మొన్న మేడ మీద బట్టలారేస్తూ కనిపించింది. నాకూ నోరు ఊరుకోదు కదా.

"ఏం మేడం, మీ ఇంట్లో అందరూ ఆనందంగా ఉన్నట్టేనా?" అన్నాను.

"ఏమో వదినా, అడగట్లేదు" అని, భర్త చొక్కా గట్టిగా దులిపి తీగ మీద వేసింది. నీళ్ళన్నీ నా మీద పడ్డాయి.