ఊపిరి తీసుకునే జాగ

మా నాన్నను బాపు అని పిలిచేవాళ్లం. ఆయన హార్మోనియం తిత్తి చినిగిపోతే సైకిల్ ట్యూబు ముక్క అతికించి ఏళ్లకేళ్లు నెట్టుకొచ్చాడు. మెట్టు నొక్కగానే మోగేది కాదది. ముందు గాలి కదిలేది, తర్వాత నిదానంగా స్వరం లేచేది. మా ఊరు వేములఘాట్‌లో ఆదివారం ప్రార్థనకు వచ్చేవాళ్లంతా ఆ ఆలస్యానికి అలవాటుపడిపోయారు. బాపు మెట్టు నొక్కితే అందరూ ఊపిరి తీసుకునేవాళ్లు. స్వరం నిండగానే అమ్మ పాట ఎత్తుకునేది, మిగతావాళ్లు అందుకునేవాళ్లు. వేరే ఊరి పాస్టర్ వస్తే పాపం ఆయనొక్కడే ముందు పాడేసి నాలుక కరుచుకునేవాడు.

బాపు పోయాడు. తర్వాత ఊరే మల్లన్నసాగర్ ప్రాజెక్టు నీళ్ల కిందికి పోయింది. సామాన్లు కొత్త కాలనీకి మార్చేటప్పుడు లారీలో హార్మోనియం నుజ్జయింది. నేను సిద్దిపేటలో కరెంటు మీద మోగే పాత సింథసైజర్ ఒకటి కొని, ఆదివారాలు కాలనీకి వెళ్లి వాయించడం మొదలుపెట్టాను. అందులో హార్మోనియం అని పేరు పెట్టిన శబ్దం ఒకటుంది. బాపు వింటే తిట్టిపోసేవాడు. వేలు పెట్టీ పెట్టకముందే ఠపీమని మోగుతుంది. మొదటి వారం మావాళ్లంతా శ్రద్ధగా ఊపిరి తీసుకుని ఎదురుచూశారు. ఈలోగా నేను సగం పల్లవి దాటిపోయాను.

తర్వాత అందరూ సర్దుకున్నారు, అమ్మ తప్ప. వచ్చి కూర్చునేది, పెదవి కదిపేది కాదు. ఊరు వదిలిన రోజు కూడా పాడిన మనిషి ఇప్పుడు పాట మానేస్తే నాకు భయం వేసింది. ఇంటికొచ్చాక కొంచెం గట్టిగానే అడిగాను, గొంతుకేమైందని.

"గొంతుకేమైంది? మంచిగనే ఉన్నది. నీ పెట్టె నొక్కంగనే మొత్తుకుంటది. ఊపిరి తీసుకునేతందుకు జాగ ఏది బిడ్డా?"

ఆ వారమంతా సిద్దిపేటలో నా కిరాయింట్లో సింథసైజర్ ముందేసుకుని కూర్చున్నాను. అటాక్ అనే మర తిప్పితే శబ్దం ఎంత నిదానంగా లేవాలో చెప్పొచ్చు. రిలీజ్ తిప్పితే వేలు తీశాక ఎంతసేపు సాగాలో చెప్పొచ్చు. చెప్పడానికి తేలికే. అటాక్ కాస్త ఎక్కువైతే సినిమాలో దయ్యం వచ్చేముందు సంగీతంలా ఉండేది, తక్కువైతే మళ్లీ కంపెనీవాడి హార్మోనియమే. విసుగొచ్చి చెవులను నమ్మడం మానేశాను. మెట్టు నొక్కి, గాలి పీల్చి, ఎక్కడ పాడబుద్ధయిందో అక్కడ మర ఆపాను.

ఆదివారం నొక్కితే ముందేమీ వినిపించలేదు. పక్కింటామె ప్లగ్గు వైపు చూసింది. అప్పుడు మెల్లగా స్వరం లేచింది. నేను తల ఎత్తలేదు. దాని వెనకే అమ్మ గొంతు వచ్చింది, కొంచెం జీరగా, కానీ అందరికంటే ముందు.

ప్రార్థన అయి అందరూ వెళ్లాక, సింథసైజర్ సర్దబోతుంటే అమ్మ వచ్చి పక్కన చాప మీద కూర్చుంది.

"ఇంకొక్కసారి నొక్కు."

"ఏ పాటనే?"

"పాట వద్దు. మొదలొక్కటే."

నొక్కాను. వేలు తీశాక స్వరం సాగి సాగి ఆగింది. పూర్తిగా ఆగేదాకా ఉండి, "మల్ల" అంది. కళ్లు మూసుకుని, మోగకముందు వచ్చే ఆ కాస్త ఆలస్యాన్నే వింటోంది. బాపు పక్కన అట్లాగే కూర్చునేది. ఆయన మీద బెంగంతా ఒక్కసారిగా తన్నుకొచ్చింది నాకు. ఏడుస్తూనే మళ్లీ నొక్కాను.