బాల్కనీలో చీరలు, కోర్టులో మిస్ ప్రూయిట్

కోర్టు వరండాలో పాలరాతి నేల మీద గట్టి మడమల చప్పుడు వినిపించింది. తొందర లేని, బెరుకు లేని నడక. చేతిలో కాఫీతో గిరుక్కున వెనక్కి తిరిగాను. ఎవరో కుర్ర లాయరు, ఫోన్ చూసుకుంటూ వెళ్లిపోయింది. మిస్ ప్రూయిట్ పోయి ఏడాది దాటింది. అయినా అలాంటి అడుగుల చప్పుడు వింటే నా వీపు దానంతటదే నిటారుగా అయిపోతుంది. పైగా ఇవాళ మామూలు రోజు కాదు. ఒకప్పుడు ఆమెను లాయరని నమ్మని ఈ భవనంలోనే ఒక కోర్టు హాలుకు ఆమె పేరు పెడుతున్నారు. ఇత్తడి అక్షరాలు బిగిస్తున్న పనివాడు ఇంకా నిచ్చెన దిగలేదు. నేను మాత్రం పెళ్లింటికి వచ్చిన చిన్నపిల్లలా అందరికంటే ముందే వచ్చేశాను.

ఒడెస్సా ప్రూయిట్ టెక్సాస్‌లోని మా కౌంటీలో కేసు వాదించిన మొదటి నల్లజాతి మహిళ. నేనేమో గుంటూరులో లా చదివి, ఇక్కడ మాస్టర్స్ పూర్తిచేసి, ఎవరైనా పనిలో పెట్టుకుంటారా అని తిరుగుతున్నదాన్ని. అప్పటికే ఆమెకు డెబ్భై దాటాయి. మంగలి షాపుకీ పువ్వుల కొట్టుకీ మధ్య ఇరుకైన ఆఫీసు. నా మార్కులు చూడలేదు, వీసా గురించి అడగలేదు. "కోపం వస్తే నీ గొంతు పెరుగుతుందా, తగ్గుతుందా?" అని అడిగారు.

"పెరుగుతుందండీ."

"అయితే మనకు చాలా పని ఉంది. సోమవారం రా."

కోర్టులకు వెళ్లేటప్పుడు ఆమే కారు నడిపేవారు. హైవే మీద అందరూ మమ్మల్ని దాటుకుని పోతుంటే, కుడి పక్క లేన్‌లో నిదానంగా పోతూ కథలు చెప్పేవారు. తన మొదటి రోజు గురించి అలాగే విన్నాను. జవాను ఆమెను ముద్దాయిల బెంచీ మీద కూర్చోమన్నాడట. జడ్జి తలెత్తి, "నీ లాయరేడమ్మా?" అన్నాడట.

"మీరేమన్నారు?"

"నాకు లాయరు అక్కర్లేదండీ, ఈ పక్కనున్నాయనకు నేనే లాయర్ని అన్నాను. హాల్లో అందరూ నవ్వారు. నవ్వు ఆగేదాకా నిలబడి, తర్వాత మొదలుపెట్టాను."

"ఏడుపు రాలేదా?"

"వచ్చింది. కేసు గెలిచాక, ఇంటికెళ్లి ఏడ్చాను."

నేను చేరాక వచ్చిన వేసవిలోనే, ఇర్వింగ్ అనే ఊరి నుంచి ఒక కేసు వచ్చింది. ఒక అపార్ట్‌మెంట్ కాంప్లెక్స్‌ను కొత్త యాజమాన్యం కొన్నది. జూలై ఎండల్లో ఒక బిల్డింగ్‌లో ఏసీలు ఆగిపోయాయి. ఫిర్యాదు చేసిన ఇళ్లవాళ్లకు ఏసీలు బాగుచేయలేదు సరికదా, ఇల్లు ఖాళీ చేయమని నోటీసులు అంటించారు. కారణం, బాల్కనీలో బట్టలు ఆరేయడం. ఆ ఇళ్లలో మెక్సికో నుంచి వచ్చినవాళ్లు, ఒక ముసలి నల్లజాతి దంపతులు, మిగతా అంతా మన తెలుగువాళ్లు.

శ్రీలత అనే నిండు గర్భిణి ఇంట్లో అందరం కలిశాం. ఫ్యాన్ గాలి కూడా వేడిగా తగులుతోంది. ఆమె భర్త కిరణ్ నెమ్మదిగా అన్నాడు. "మేడమ్, కోర్ట్ రికార్డ్‌లో పేరొస్తే గ్రీన్ కార్డ్‌కి ప్రాబ్లమ్ అవుద్దేమో. సైలెంట్‌గా షిఫ్ట్ అయిపోతే బెటర్ కదా?"

"ఎందుకు షిఫ్ట్ కావాలె? చీర ఆరేస్తే ఇల్లు ఖాళీ చెయ్యాల్నా?" అంది శ్రీలత, నడుం మీద చెయ్యి పెట్టుకుని.

ఆ మాటలు నేను ఇంగ్లీషులో చెప్పాను. మిస్ ప్రూయిట్ రెండోసారి నిమ్మకాయ పులిహోర వడ్డించుకుంటూ విన్నారు. "న్యాయం అడగడం నేరం కాదు. వీసా సంగతి మీ ఇమిగ్రేషన్ లాయర్‌ను కూడా అడుగుదాం. భయపడొద్దని మాత్రం నేను చెప్పను. నేనెన్నోసార్లు భయపడుతూనే కోర్టుకెళ్లాను. మీరూ అలాగే రండి" అన్నారు. కిరణ్ తలూపాడు.

కిందికి దిగాక ఆమె కారు దగ్గరికి వెళ్లలేదు. ఎండలో చెయ్యి నుదుటికి అడ్డం పెట్టుకుని, "పైకి చూడు. ఏం కనిపిస్తోంది?" అన్నారు.

"బట్టలు."

"ఈ బిల్డింగ్‌లోనా?"

కాదు. ఎదుటి బిల్డింగ్‌లో, ఏసీలు చల్లగా నడుస్తున్న బిల్డింగ్‌లో, రెయిలింగుల మీద తువ్వాళ్లు, జీన్సు ప్యాంట్లు, ఒక పసుపు చీర. అక్కడ ఏ తలుపు మీదా నోటీసు లేదు. ఫోన్ తీసి గబగబా ఫొటోలు తీశాను. ఆమె చిన్నపిల్లలా చప్పట్లు కొట్టారు.

విచారణ రోజు అపార్ట్‌మెంట్ల మేనేజర్ బోనులో కూర్చున్నాడు. మిస్ ప్రూయిట్ లేస్తారని చూస్తున్నాను. ఆమె పెన్ను మూత పెట్టి, నా వైపు వంగి, "ఈ సాక్షిని నువ్వే ప్రశ్నించు" అన్నారు. అప్పటికి కొన్నాళ్ల ముందే బార్ పరీక్ష గట్టెక్కాను. కోర్టులో ఒక్క మాటా మాట్లాడి ఎరగను. ఫొటోలు తీసుకుని లేచాను.

"ఎదుటి బిల్డింగ్ బాల్కనీల్లో కూడా బట్టలు ఆరేస్తున్నారు కదా?" ఫొటోలు చూపించాను.

"అవును."

"వాళ్లకు నోటీసులు ఇచ్చారా?"

"లేదు."

"వాళ్లెవరైనా ఏసీ గురించి ఫిర్యాదు చేశారా?"

అతను తన లాయరు వైపు చూశాడు. జడ్జి జవాబు చెప్పమన్నారు.

"లేదు."

నా గొంతు అంత చిన్నగా, అంత స్థిరంగా ఉండటం అదే మొదటిసారి. జడ్జి నోటీసులన్నీ చెల్లవన్నారు. బయట శ్రీలత నన్ను వాటేసుకుంది, మధ్యలో కడుపు అడ్డొస్తే ఇద్దరం నవ్వాం. కిరణ్ మిస్ ప్రూయిట్ చెయ్యి పట్టుకుని ఎంతకీ వదల్లేదు. తిరుగు ప్రయాణంలో, నన్నెందుకు లేచి మాట్లాడమన్నారని అడిగాను. "నా మొదటి రోజు నన్ను లేచి మాట్లాడమన్నవాళ్లు ఒక్కరూ లేరు. ఎవరైనా అలా అంటే ఎలా ఉంటుందో చూద్దామనిపించింది" అన్నారు, రోడ్డు మీంచి చూపు తిప్పకుండా.

చివరి రోజుల్లో ఆమె ఇంటి వరండాలో కూర్చునేవాళ్లం. మనిషి బాగా చిక్కిపోయారు. ఒక సాయంత్రం ధైర్యం చేసి అడిగాను. "ఇన్నేళ్లు ఇన్ని అవమానాలు పడ్డారు. విసుగు రాలేదా?"

ఆమె ఆశ్చర్యంగా చూశారు. "అందరూ నా కష్టాల గురించే అడుగుతారు. నాకు ఈ పని ఎంత ఇష్టమో ఎవరూ అడగరు. కోపమే నన్ను కోర్టుకు తీసుకెళ్లింది, నిజమే. కోపంతో అన్నేళ్లు ఎవరుంటారు? పొద్దున లేవగానే ఇవాళ ఏం జరుగుతుందోనన్న హుషారే నన్ను అక్కడ ఉంచింది." ఆ మాట చెబుతుంటే ఆ చిక్కిన ముఖంలో కళ్లు మెరిశాయి. అంతవరకూ నేను ఆమె ఓర్పును నేర్చుకోవాలనుకున్నాను. ఆ సాయంత్రం తర్వాత ఆమె ఆనందం మీద ఆశ పుట్టింది.

ఇవాళ సభ ముగిసింది. చర్చి బృందం పాడింది, అందరం నిలబడి చప్పట్లు కొట్టాం. మధ్యాహ్నం అదే హాల్లో నాకు కేసు ఉంది. నా క్లయింటు, జీతం ఎగ్గొట్టిన కంపెనీ మీద దావా వేసిన నర్సు, నా పక్కన కూర్చుని నన్నే చూస్తోంది.

"మేడమ్, నాకు చాలా టెన్షన్‌గా ఉంది. మీరేంటి, నవ్వుతున్నారు?"

"నాక్కూడా భయంగానే ఉందమ్మా," అన్నాను. "కానీ మన కేసు ఎప్పుడు పిలుస్తారా అని ఆగలేకపోతున్నాను."