డాబా ఇంట్లో కుంపటి

నా చిన్నప్పుడు మా అమ్మమ్మ నన్ను రెండే రెండుసార్లు కొట్టింది. రెండూ ఒక్క రోజునే, ఒక్క గది గురించే. ఇప్పుడా సంగతెత్తితే మా వాళ్లు "ఇంకా ఎన్నాళ్లు మోస్తావే దాన్ని" అంటారు. దెబ్బ తిన్నది వాళ్లు కాదు కదా. మరిచిపోవడం వాళ్లకి సులువే.

మాది దివిసీమలో కోడూరు దగ్గర ఊరు. అమ్మమ్మ వాళ్లది మొదట్లో తాటాకిల్లు. ముసురు పట్టిన రోజుల్లో ఇంటి మధ్యన మట్టి కుంపటి పెట్టి సరుగుడు పుల్లలు కాల్చేవాళ్లు. ఆ పొగకి కళ్లు మండేవి, దగ్గొచ్చేది. అయినా కాసేపటికి ఆ పొగ తాటాకుల సందుల్లోంచి మెల్లగా పైకి పోయేది. ఇంట్లో బాలింత ఉంటే కుంపటి ఆమె మంచం పక్కకి చేరేది. పచ్చి ఒంటికి గాలి తగలకూడదని తలుపులు బిగించి, నిప్పుల మీద వాము, వెల్లుల్లి పొట్టు వేసి పొగ పట్టేవాళ్లు. మా అమ్మమ్మా, మా అమ్మా ఆ పొగలోనే పురుళ్లు పోసుకుని లేచి తిరిగారు. ఎవరికీ ఏమీ కాలేదు.

ఒక గాలివానకి ఆ ఇల్లు పడిపోయాక మా మావయ్య అదే చోట రెండు గదుల డాబా కట్టించాడు. మా వీధిలో మొదటి డాబా అది. వెనక గదికి వసారాలోకి ఒక తలుపు, పక్కనుంచి వీధి కనబడే ఒకటే కిటికీ, రెండింటికీ టేకు రెక్కలు. మూస్తే చీమ దూరదని మావయ్య అందరికీ మూసి చూపించేవాడు. ఆ డిసెంబరులోనే మా పిన్ని ఆ గదిలో మగపిల్లాడిని కన్నది. నాకప్పుడు తొమ్మిదేళ్లు. పిన్నికి సాయంగా ఉండమని అమ్మ నన్ను అక్కడ దింపి వెళ్లింది.

పుల్లలు కాలిస్తే కొత్త సున్నం గోడలు మసిబారతాయని మావయ్యకి దిగులు. అందుకని బందరు నుంచి బస్సు మీద ఒక బస్తా బొగ్గులు తెచ్చాడు. పొగ లేదు, మసి లేదు, పిల్లాడికి దగ్గు రాదు అన్నాడు. చూడ్డానికి వచ్చినవాళ్లందరూ ఆ తెలివిని మెచ్చుకున్నారు. అమ్మమ్మ తలుపు కింద గోనెపట్టా కుక్కింది. కిటికీ సందుల్లో పాతబట్టలు దూర్చింది.

మూడు రోజులుగా ముసురు. ఆ పొద్దున్న నాకు తల బరువెక్కి, కడుపులో తిప్పింది. కిటికీ తలుపు బెత్తెడు తీసి మొహం పెట్టుకున్నాను. వెంటనే వీపు మీద దెబ్బ పడింది. "పచ్చి బాలింతకి ఈదురుగాలి కొట్టిస్తావా? వీధిలో ఆటలు చూడాలని కదూ?" అంది అమ్మమ్మ. తలనొప్పని చెప్పాను. పనిదొంగలకి అన్నీ నొప్పులే అంది. ఆ మాట నాకు దెబ్బకన్నా ఎక్కువ తగిలింది. ఆ వానలో వీధిలో ఆటలెవరు ఆడుతున్నారు?

మధ్యాహ్నం అమ్మమ్మ వీధి చివర ఇంట్లో ఆడవాళ్ల ప్రార్థన కూడికకి వెళ్తూ, బొగ్గు ఆరనివ్వొద్దనీ, తలుపు తీస్తే చంపేస్తాననీ చెప్పి వెళ్లింది. నేను లోపల గడియ వేసుకుని కుంపటి ముందు కూర్చున్నాను.

ఆ నిప్పు నాకింకా కళ్ల ముందుంది. ఎర్రగా, నిండుగా, చప్పుడు లేకుండా ఉంది. సరుగుడు పుల్లలైతే చిటపటమంటాయి, మనిషి తోడున్నట్టు ఉంటుంది. ఇది ఊరికే చూస్తున్నట్టుండేది. పిన్ని "తల పగిలిపోతోందే" అని గోడవైపు తిరిగి పడుకుంది. అప్పటిదాకా సన్నగా ఏడుస్తున్న పిల్లాడు ఏడుపు ఆపేశాడు. నిద్రపోయాడనుకున్నాను. కాసేపయ్యాక పిన్నీ అని పిలిచాను. పలకలేదు. కదిపాను. చెయ్యి జారి మంచం పక్కన వేలాడింది. లేవబోతే నా కాళ్లు నావి కానట్టున్నాయి. గోడ పట్టుకుని తలుపు దాకా వెళ్లాను. గడియ మీద చెయ్యి వేశాను. అక్కడే ఆగిపోయాను.

అప్పుడే బయటినుంచి పిలుపు వినిపించింది. పక్కింట్లో ఉండే చేపలమ్మే ఆవిడది. చుట్టం కాకపోయినా మేమందరం అత్త అనేవాళ్లం.

"ఏమే, సొరచేప తెచ్చాను, పిన్నికి పాలు పడతాయి. తలుపు తియ్యి."

"అమ్మమ్మ తియ్యొద్దంది."

"అయితే పిన్నిని పిలువు."

"లేవట్లేదత్తా."

బయట గంప దింపిన చప్పుడయింది. తర్వాత, "లోపల కాలేది పుల్లలా, బొగ్గులా?" అని అడిగింది.

"బొగ్గులు. నాకు తలనొప్పిగా ఉందత్తా."

ఆవిడ గొంతు మారిపోయింది. "తియ్యి తల్లీ. మీ అమ్మమ్మ కొడితే నన్ను కొడుతుందిలే. ముందు తియ్యి!"

గడియ లాగి అక్కడే కూలబడ్డాను. అత్త నన్ను జబ్బ పట్టుకుని వసారాలోకి ఈడ్చింది. పిల్లాడిని తెచ్చి నా ఒళ్లో వేసింది. పిన్నిని దుప్పటితో సహా లాక్కొచ్చింది. వాన జల్లు మా మీద పడుతోంది. పిల్లాడి తల నా మోచేతి మీంచి వాలిపోతోంది. అత్త వాడి అరికాళ్లు రుద్దుతూ, వీపు తడుతూ, "ఏడవరా నాయనా, ఏడువు, నీకు పుణ్యముంటుంది" అంటోంది. నేను వాడి నోటినే చూస్తున్నాను. అంత భయం నాకు మళ్లీ ఎప్పుడూ కలగలేదు. ఆ తర్వాత తుపానులు చూశాను, ఆపరేషన్లు చేయించుకున్నాను. ఏదీ దానికి సాటిరాలేదు.

చివరికి వాడు పిల్లికూనలా మూలిగాడు. తర్వాత గట్టిగా ఏడ్చాడు. పిన్ని వాంతి చేసుకుని కళ్లు తెరిచింది.

సరిగ్గా అప్పుడొచ్చింది అమ్మమ్మ. బాలింత వానజల్లులో ఉంది, తలుపు బార్లా తీసి ఉంది. ఏం జరిగిందని అడగలేదు. నా చెంప పగలగొట్టింది. రెండో చెంపకి లేచిన చేతిని అత్త పట్టుకుంది.

"దాన్ని కాదండీ కొట్టాల్సింది. పోయినేడు వానలో మా తమ్ముడు బోటు గదిలో బొగ్గులు పెట్టుకుని, తలుపేసుకుని పడుకున్నాడు. మళ్లీ లేవలేదు. మీ తాటాకింటికి ఒళ్లంతా ముక్కులే. ఈ డాబాకి ఉన్న ఒక్క ముక్కూ మీరు గుడ్డలు పెట్టి మూశారు."

ఆ మాటని ఆవిడ లోపలికి వెళ్లింది. కిటికీలోని గుడ్డలన్నీ పీకేసింది. కుంపటిని పెరట్లో వంటపాకలోకి మోసుకెళ్లి, ఆ నిప్పుల్లోనే రెండు ఇటుకలు పెట్టింది. అవి కాగాక పాత చీరముక్కల్లో మందంగా చుట్టి తెచ్చి పిన్ని కాళ్ల దగ్గర ఒకటి, నడుం దగ్గర ఒకటి సర్దింది. గదిలోకి వేడి రావాలి గానీ నిప్పు రాకూడదని నాకు చెప్పింది. నాకే చెప్పింది, పెద్దవాళ్లకి కాదు. ఇటుకలు మార్చే పని కూడా నాకే అప్పగించింది. పిన్ని మంచం దిగేదాకా ఆ పని నేనే చేశాను.

ఆదివారం చర్చిలో అమ్మమ్మ సాక్ష్యం చెప్పింది. దేవుడు కాపాడాడంది. కాదనను. కానీ దేవుడు ఎవరి చేతులు వాడుకున్నాడో ఒక్క మాట చెబితే పోయేదేముంది? అత్త పేరు ఎత్తలేదు. నా పేరు అసలే లేదు. మావయ్య అయితే ఆ బస్తాలో బొగ్గులు మంచివి కావని చెప్పుకు తిరిగాడు. మా ఇళ్లల్లో ఆ కథ ఇప్పటికీ "ఈ పిల్ల బాలింతని వానలో పెట్టిన రోజు" అనే నడుస్తోంది. ఆ పిల్లాడు ఇప్పుడు తాతయ్యాడు. వాడూ అలాగే చెప్పి నవ్విస్తాడు.

ఇప్పుడు గుడివాడలో మా ఇంట్లో కుంపటి లేదు. కానీ ఏ పిల్ల తలనొప్పన్నా, బడి ఎగ్గొట్టడానికేనని మా కోడలు అనేలోపే లేచి కిటికీలు తీస్తాను. నిజమా అబద్ధమా అనేది తర్వాత చూసుకోవచ్చు.

నాకు జరిగిన అన్యాయాలన్నీ ఇన్నేళ్లుగా చెబుతూనే ఉన్నాను. ఒకటి మాత్రం ఎవరికీ చెప్పలేదు. అత్త పిలిచేసరికి నేను గడియ దగ్గరికి అప్పుడే వచ్చినట్టు చెప్పాను. కాదు. చాలాసేపటినుంచి అక్కడే నిలబడి ఉన్నాను. పిన్ని పలకడం లేదని తెలిసీ, దెబ్బలకి భయపడి నిలబడి ఉన్నాను. ఆవిడ రాకపోతే నేను తలుపు తీసేదాన్నేనా? తీసేదాన్నేనని అనుకోవాలని ఉంది. ఈ వయసులో కూడా ఆ మాట గట్టిగా చెప్పలేను.